విమాన గణనమునకు ఉపపత్తి

1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానాలోని కూరూనుండి లేచిన ఏరియాన్ 5 రాకెట్టు సుమారు 40 సెకండ్లలో పగిలి, నాలుగు ఉపగ్రహములతో నశించెను. ఇంజనుల లోపము కాదు. ఏరియాన్ 4 నుండి తెచ్చుకొన్న ప్రోగ్రాములో, 32,767 కు మించి పట్టని గడిలోనికి అంతకు పెద్ద సంఖ్య వచ్చెను. మానికలో పుట్టెడు ధాన్యము పోయజూచినట్లాయెను. దారి చూపు కంప్యూటర్లు ఆగిపోయినవి. విచిత్రమేమన, రాకెట్టు లేచిన పిదప ఆ లెక్కతో పనియే లేదు!

పరీక్షింపలేదా యని మన విద్యార్థులడుగుదురు. పరీక్ష తాను చూచిన సందర్భమునే చెప్పును. త్రిభుజకోణముల మొత్తము రెండు లంబకోణములని ప్రతి త్రిభుజమును కొలిచి తెలిసికొనుచున్నామా? ఒక్క ఉపపత్తి చాలును. ప్రోగ్రామునకును అట్టిది కలదు. ఫ్రాన్సులో ప్యాట్రిక్ కూసో మొదలగువారు నిర్మించిన ఆస్ట్రే యను సాధనము 2003 లో ఎయిర్‌బస్ ఏ340 విమానమును నడుపు 1,32,000 పంక్తుల ప్రోగ్రామును పరిశీలించి, ఇట్టి దోషము అందు పుట్టనేరదని నిరూపించెను. విమానమెట్లు నడువవలెనో నిర్ణయించిన ఇంజనీరే పొరబడినచో, ఆ పొరబాటును మాత్రము అది కనిపెట్టజాలదు.