కురుక్షేత్రంలో వేరుశనగలెక్కడివి?

ఉడుపి రాజుగారు మళ్ళీ వాట్సాప్‌లో బయల్దేరారు. కథ తెలిసిందే. కురుక్షేత్రంలో ఎవరి పక్షమూ చేరకుండా రెండు సైన్యాలకూ వంట చేస్తానని ఒప్పుకున్నాడట. రోజూ వేలమంది నేలకొరుగుతున్నా, రాత్రి వంట ఒక్క మెతుకు మిగలకుండా, ఒక్కరికీ తక్కువ కాకుండా సరిపోయేదట. రహస్యమేమిటంటే, ముందురాత్రి కృష్ణుడికి ఉడికించిన వేరుశనగలు పెట్టి, ఆయన ఎన్ని తిన్నాడో లెక్క చూసుకునేవాడు. ఆ సంఖ్యను వెయ్యితో హెచ్చవేస్తే మర్నాడు పోయేవాళ్ళ లెక్క తేలిపోతుంది!

కథగా చెప్పుకుంటే ఎవరికీ బాధ లేదు. ప్రవచనాల్లో, బడిపిల్లల ముందు జరిగినట్టే చెబుతున్నారు. అంతకంటే పెద్ద చిక్కు, ఫాంటసీ నవలలు రాసే కుర్రకారు దీన్నే యుద్ధశాస్త్రం అనుకోవడం. ఈమధ్య నా చేతికొచ్చిన ఒక రాతప్రతిలో శత్రురాజు పది లక్షల సైన్యాన్ని ఒక్క రాత్రిలో చీరాల దగ్గరి వాడరేవులో దించాడు. తెల్లారేసరికి వాళ్ళు తెనాలి పొలిమేరలో ఉన్నారు. సాయంత్రానికి ఆరు లక్షలమంది చచ్చారు. ఆ అంకె ఆస్థాన మాంత్రికుడికి ముందురోజే జీడిపప్పుల లెక్కలో తెలుసు. గాయపడ్డవాడు లేడు, పారిపోయినవాడు లేడు, ఆకలేసినవాడు అసలే లేడు.

మొదట ఆ వేరుశనగల సంగతి చూద్దాం. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో విరివిగా పండుతుంది కాబట్టి అది అనాదిగా మనదే అనుకుంటాం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. కొలంబస్ అటు వెళ్ళాక, పోర్చుగీసువాళ్ళు ఇటు వచ్చాక గానీ మన దేశం మొహం చూడలేదు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో మొదటి ఏడాది చదివే పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. వ్యాసుడికి తెలియని పంట అది, తిక్కనకూ తెలియదు. ఉడుపి రాజు వంటా వ్యాసుడిలో లేదు, కవిత్రయంలోనూ లేదు.

పోనీ, అవి వేరుశనగలు కావు, ఇంకేవో గింజలనుకుందాం. లెక్కయినా నిలబడుతుందా? అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. కూడితే 2,18,700. పద్దెనిమిది అక్షౌహిణులకు 39,36,600. అందరూ పోయారనుకుంటే పద్దెనిమిది రోజుల్లో సగటున రోజుకు సరిగ్గా ఒక అక్షౌహిణి. అంటే కృష్ణుడు రాత్రికి 219 గింజలు తినాలి. తినగలడు, దేవుడు కదా. కానీ భారతంలోనే భీష్ముడు తన వంతుగా రోజుకు పదివేలమంది యోధుల్ని, వెయ్యిమంది రథికుల్ని చంపుతానంటాడు. అంతటివాడు పది రోజులు ఆ మాట నిలబెట్టుకున్నా లక్షా పదివేలు. ఏడక్షౌహిణుల పాండవ సేనలో అది నూటికి ఏడు వంతులు. కావ్యంలోని మహావీరుడి ప్రతిజ్ఞ కంటే మన ఫార్వర్డు ఉదారంగా ఉంది.

స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు అడిగితే ధర్మరాజు చెప్పే లెక్క ఇంకోటి: 166 కోట్ల 20 వేలమంది పోయారు, 24,165 మంది జాడ తెలియదు. 39 లక్షల సైన్యంలో 166 కోట్ల మంది ఎలా చచ్చారని వ్యాసుణ్ణి నిలదీయనక్కర్లేదు, అది శోకంలో పలికిన కావ్యసంఖ్య. దాన్ని జనాభా లెక్కలా చదివేవాళ్ళతోనే నా పేచీ. 1900 ప్రాంతంలో భూమ్మీద ఉన్న జనమంతా కలిస్తే ఇంచుమించు అంతే.

సైన్యం పెద్దదని చెప్పేవాళ్ళు దాన్ని ఒక్కసారి రోడ్డు మీద నడిపించి చూడాలి. ఒక్క అక్షౌహిణి చాలు. కాల్బలాన్ని నలుగురేసి చొప్పున, వరసకీ వరసకీ మధ్య మీటరున్నర వదిలి నడిపిస్తే 41 కిలోమీటర్లు, దాదాపు బాపట్ల నుంచి తెనాలి దాకా. గుర్రాలు, రథాలు, ఏనుగులు జంటలుగా వెనక వస్తే మొత్తం బారు 260 కిలోమీటర్లు. తల హైదరాబాదు పొలిమేరల్లో ఉంటే తోక ఇంకా బెజవాడలోనే. రోజుకు ఇరవై పాతిక కిలోమీటర్లు నడిచే సైన్యం ఒక ఊరు దాటడానికే పది రోజులు దాటుతుంది. జర్మన్ చరిత్రకారుడు హాన్స్ డెల్‌బ్రూక్ ఇలాంటి లెక్కతోనే ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌ను పట్టుకున్నాడు. పర్షియా రాజు గ్రీసు మీదికి 52,83,220 మందిని తెచ్చాడని హెరొడోటస్ రాశాడు. అదే నిజమైతే ముందువరస థెర్మాపైలే చేరేసరికి చివరివాడు పర్షియాలోని సూసా దగ్గరే ఉండేవాడని డెల్‌బ్రూక్ తేల్చాడు. మన ఏనుగుల సంగతి అంతకంటే ఘోరం. పద్దెనిమిది అక్షౌహిణులకు 3,93,660 ఏనుగులు కావాలి. 2017 గణనలో దేశం మొత్తమ్మీద అడవి ఏనుగులు ముప్పై వేల లోపే.

అయితే ఉడుపి రాజుగారికి ఒక్క విషయంలో మార్కులు వెయ్యక తప్పదు, ఇష్టం లేకపోయినా. సైన్యం ఎంతో తెలుసుకోవాలంటే సేనాపతిని కాదు, వంటవాణ్ణి అడగాలి. సేనాపతి గొప్పకు పెంచుతాడు, ఓడినవాడు సానుభూతికి పెంచుతాడు, కవి పద్యం కోసం పెంచుతాడు. బియ్యం కొలిచి ఇచ్చేవాడు మాత్రం అబద్ధమాడితే తెల్లారి దొరికిపోతాడు. చరిత్రకారులు జీతాల పట్టీలనూ తిండి లెక్కలనూ నమ్మినంతగా యుద్ధవర్ణనల్ని నమ్మరు. మనిషికి రోజుకు ముప్పావు కిలో బియ్యం చొప్పున 39,36,600 మందికి 75 కిలోల బస్తాలు 39,366 కావాలి. నిజం చెప్పాలంటే ఇప్పటి కృష్ణా డెల్టా దిగుబడితో పద్దెనిమిది రోజులు అంత బియ్యం ఇవ్వడం అసాధ్యమేం కాదు. అసాధ్యమల్లా దాన్ని మోయడం. బండికి పది బస్తాల చొప్పున రోజూ నాలుగు వేల బండ్లు రావాలి. ఏనుగుల మేత ఇందులో కలపలేదు. మావటీలనూ సారథులనూ కూడా కలపలేదు.

ఇక వాడరేవులో దిగిన పది లక్షలు. 1944 జూన్ 6న నార్మండీలో మిత్రరాజ్యాలు సుమారు ఎనభై కిలోమీటర్ల తీరాన, దాదాపు ఏడు వేల ఓడలూ పడవలూ పెట్టి, విమానాల్లో దిగినవాళ్ళతో కలిపి మొదటిరోజు దించగలిగింది లక్షన్నర పైచిలుకు. ఓడకు వందమంది చొప్పున ఎక్కించినా మన శత్రురాజుకు పదివేల ఓడలు కావాలి. వేటకు వెళ్ళొచ్చిన పడవల్ని ఒడ్డుకు చేర్చడానికి ఎంత అవస్థో వాడరేవు మత్స్యకారుల్ని అడిగి రాస్తే నవల బాగుపడేది. ఆ పది లక్షల్లో ఒక్క లక్షమందిని పది వరసల్లో, మనిషికి మీటరు చొప్పున నిలబెడితే పది కిలోమీటర్ల బారు. చీరాల గడియారస్తంభం దగ్గర మొదలుపెడితే చివరివాళ్ళు సముద్రంలో ఉంటారు.

మృతుల లెక్క అంతకంటే అన్యాయంగా ఉంటోంది. 'బాహుబలి' కాలకేయ యుద్ధం చూసినవాళ్ళకు యుద్ధమంటే రెండు గుంపులు ఎదురెదురుగా పరుగెత్తి, కలిసిపోయి, చివరికి ఒక్కడు మిగలడం. పాత గ్రీకు కాల్బల యుద్ధాల మీద చరిత్రకారుడు పీటర్ క్రెంట్జ్ వేసిన సగటు చూడండి: గెలిచినవాళ్ళలో నూటికి అయిదుగురు, ఓడినవాళ్ళలో పధ్నాలుగు మంది. వరస నిలబడి ఉన్నంతసేపూ చావులు తక్కువే. వెన్ను చూపాకే నరుకుడు మొదలవుతుంది. ఆ తర్వాత గాయాలు కుళ్ళి, విరేచనాలు పట్టి పోయేవాళ్ళు వేరే. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల మరణాల్లో మూడింట రెండొంతులు రోగాలవే. ముందురోజే కచ్చితమైన అంకె చెప్పే మాంత్రికుడి మీద మాత్రం నాకు బొత్తిగా నమ్మకం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన రేపల్లె, బాపట్ల తీరాలనూ ముంచింది. రెవెన్యూ యంత్రాంగం, ఓటర్ల జాబితాలు అన్నీ ఉన్న కాలం అది. అయినా పదివేల పైచిలుకు అనడమే తప్ప, అందరూ ఒప్పుకునే ఒక్క అంకె లేదు.

చిల్లర అపోహలకు ఒక్కో వాక్యం చాలు. ఘటోత్కచుడి అస్థిపంజరమంటూ తిరిగే ఫొటో ఒక బొమ్మల పోటీ కోసం కంప్యూటర్లో తయారైంది. రాయచూరు మీదికి కృష్ణదేవరాయలు ఏడు లక్షల కాల్బలంతో వెళ్ళాడన్నది పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్ రాత, హాజరు పట్టీ కాదు. వీరుడొక్కడే వెయ్యిమందిని నరకగలడంటే ముందు అతని చేతికి విశ్రాంతి ఇవ్వండి.

సైన్యం పెద్దదైతేనే కథ పెద్దదవుతుందన్న భ్రమ కూడా వదిలించుకోవాలి. తెనాలికి దగ్గర్లోని పెదగాదెలవర్రులో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం 'చందమామ'లో 'తోకచుక్క' మొదలుకొని ఏళ్ళ తరబడి ఫాంటసీ సీరియళ్ళు రాశారు. 'రాకాసిలోయ'లో మనం నెలనెలా ఎదురుచూసింది కేశవుడి కోసం, జయమల్లు కోసం. అక్షౌహిణుల కోసం కాదు.

అయినా పెద్ద యుద్ధమే కావాలంటే ముందు రాజ్యంలో జనం ఎంతమందో నిర్ణయించుకోండి. 2011 లెక్కల ప్రకారం 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లా జనాభా దాదాపు పదహారు లక్షలు. మీ రాజ్యం అంతదే అనుకుంటే, నూటికొకణ్ణి ఏడాది పొడవునా సైన్యంలో ఉంచినా పదహారు వేలమంది. కోతలయ్యాక ఇంకొందరిని పోగుచెయ్యొచ్చు గానీ, నాట్లకు వాళ్ళు ఇంటికి పోతామంటారు. ఆ పేచీని కథలోకి తెచ్చుకోండి, మాంత్రికుడి కంటే బాగా పనికొస్తుంది. ఓడితే రెండు వేల పైచిలుకు మృతులు, వాళ్ళకు రెండింతల క్షతగాత్రులు, చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోయినవాళ్ళు మిగతావాళ్ళలో సగం. అది చాలు ఒక రాజ్యం కూలడానికి. పదహారు వేలమందికి రోజుకు 160 బస్తాలు, పదహారు బండ్లు. పక్షం రోజుల దండయాత్రకు 240 బండ్లు, 480 ఎడ్లు. ఆ ఎడ్లకు దారిలో గడ్డి ఎవరి వాముల్లోంచి లాక్కుంటారో రెండో అధ్యాయంలోనే తేల్చెయ్యండి. ఆ ఊళ్ళవాళ్ళు ఎటువైపు చేరతారన్నది దాన్ని బట్టే ఉంటుంది.