బస్సుకంటె ముందు డిపో

క్రొత్త బస్సులు వచ్చినపుడు మన పట్టణములలో ఉత్సవము జరుగును. పూలదండలు కట్టుదురు, కొబ్బరికాయలు కొట్టుదురు, మంత్రివర్యులు జెండా యూపుదురు, మరునాటి పత్రికలలో పటములు వెలువడును. ఆ బస్సు ఆ రాత్రి యెచ్చట నిలుచును? దానిని కడుగువారెవరు? దాని బ్రేకులను పరీక్షించు స్థలమెచ్చట నున్నది? అచ్చట పనిచేయువానికి చాలినంత దీపమున్నదా? ఇట్టి ప్రశ్నల నా యుత్సవమున నడుగువారు అరుదు. మేము నేడు అడుగదలచినవి ఇవియే. ప్రజారవాణా ప్రజలకు నిజముగా ఉపకరింపవలెనన్నచో, బస్సులను కొనుటకు పూర్వము వానిని బాగుచేయు తావును గూర్చి యోచింపవలెనని మా నిశ్చితాభిప్రాయము.

డిపో యనగా రాత్రివేళ బస్సులను కట్టివేయు దొడ్డియని పలువురు తలంతురు. అచ్చట జరుగు పనిని చూచినవా రట్లు తలపరు. సాయంకాలము మొదలు అర్ధరాత్రి దాటువరకు బస్సు లొక్కొక్కటిగా ద్వారమున ప్రవేశించును. బ్రేకు గట్టిగా పట్టుటలేదనియో, స్టీరింగు ఒకప్రక్కకు లాగుచున్నదనియో, ముందుదీపము వెలుగుటలేదనియో డ్రైవరు తాను దారిలో గమనించిన లోపమును పుస్తకమున వ్రాసి యిచ్చును. పిమ్మట ఇంధనము పోయుదురు, బండిని కడుగుదురు, టైరులలోని గాలి చూతురు, మెకానిక్కు గోతిలోనికి దిగి బండి యడుగుభాగమును పరీక్షించును. దినదినము చేయు పరీక్ష వేరు, వారమున కొకసారి చేయునది వేరు, నెలకు చేయునది వేరు. ఇంజనును, గేరుపెట్టెను పూర్తిగా విప్పి పునరుద్ధరించుటకు జోనల్ వర్క్‌షాపులు ప్రత్యేకముగా గలవు. డిపోలో చేయవలసినదంతయు తెల్లవారుజామున తొలి బస్సు కదలులోపల ముగియవలెను. ముగియనిచో రెండే మార్గములు: బస్సు నాపుట, లేక లోపముతోనే పంపుట. మొదటిదానివలన ప్రయాణికుడు రోడ్డుప్రక్కన నిలిచిపోవును; రెండవదానివలన ప్రాణములమీదికి వచ్చును.

ఈ విషయము మన పెద్దలకు తెలియనిది కాదు. నైజాము రైల్వేకు సికింద్రాబాదు చేరువనున్న లాలాగూడలో 1893 నాటికే వర్క్‌షాపు ఏర్పడినది. ఆ రైల్వేకు అంగముగనే 1932లో రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో ప్రారంభమయ్యెను. అనగా ఒక్కొక్క బస్సుకు ఆరుగురు మనుష్యులు. రైల్వేవారి చేతులలో పెరిగిన శాఖ గావున బండిని నడుపుట యెంత పనియో దానిని చెడకుండ నిలుపుటయు నంతే పనియని అది మొదటినుండియు నెరిగియుండెను. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. 1999లో అత్యధికసంఖ్యలో బస్సులుగల సంస్థగా గిన్నిస్ గ్రంథమున దానిపేరు చేరినది. ఆ ఘనత బస్సుల లెక్కకు దక్కినను, ఆ బస్సులను ప్రతిదినము రోడ్డు నెక్కించినది డిపోలలోని మెకానిక్కులును, శ్రామికులునే. నేడు ఉభయ తెలుగు రాష్ట్రములందును కలిపి 200కు పైగా డిపోలున్నవి. తెలుగు ప్రజలు నూరేండ్లకు చేరువగా కూర్చుకొనిన ఉమ్మడి యాస్తి యిది.

ఇట్టి డిపోను నిర్మింపదలచినవారు మొదట విచారింపవలసినది అది యెచ్చట నుండవలెననునది. ఊరివెలుపల భూమి చౌకగా దొరకును. కాని ఆ చౌక యెన్నినాళ్లు? బస్సు బయలుదేరు స్థలమునకు డిపో 8 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. పోవుటకును వచ్చుటకును ప్రతి బస్సు దినమునకు 16 కిలోమీటర్లు ప్రయాణికులు లేకయే తిరుగును. దీనినే ఉద్యోగులు డెడ్ కిలోమీటర్లందురు. 100 బస్సులకు దినమునకు 1,600 కిలోమీటర్లు, సంవత్సరమునకు 5,84,000 కిలోమీటర్లు. లీటరు డీజిలుకు 5 కిలోమీటర్ల వంతున లెక్కించినను ఏటేట 1,16,800 లీటర్లు ఒక్క టిక్కెట్టయినను తెగకుండ కాలిపోవును. భూమి వెల యొక్కసారి చెల్లించునది. ఈ పన్ను డిపో యున్నంతకాలము చెల్లింపవలసినది.

హైదరాబాదు మెట్రో రైలు నిర్మాణమున ఈ వివేకము కానవచ్చినది. 2017 నవంబరులో తొలుత తెరచిన మియాపూరు–నాగోలు భాగము 30 కిలోమీటర్లు. దాని యొకకొనను మియాపూరు డిపోయు, రెండవకొన చెంత ఉప్పల్ డిపోయు నుండెను. డిపోలు సిద్ధమైన చోటనే రైళ్లు మొదట కదలినవి. రైలునకు వర్తించిన ఈ న్యాయము బస్సునకు మాత్రమేల వర్తింపదు?

రెండవది స్థలవైశాల్యము. పెద్దబస్సు పొడవు 12 మీటర్లు, వెడల్పు సుమారు 2.6 మీటర్లు. 100 బస్సులను తాకించి పేర్చినచో ఒక యెకరములోపలనే పట్టును. ఈ లెక్క చూచి స్థలము చాలునను అధికారి బస్సు కదలుననుమాట మరచినవాడు. బస్సు మలుపు తిరుగవలెను. ముందున్న బస్సును కదపకయే వెనుకనున్నది బయటకు రావలెను. మంచి డిపోలో రాకపోకలకు వేర్వేరు ద్వారములుండును. ఇంధనము, కడుగుట, పరీక్ష, నిలుపుట అను పనులు ఒకదాని వెంట నొకటిగా ఒకే దిక్కున సాగును. ఎదురెదురుగా బండ్లు రాకుండుటయు, చీకటిలో వెనుకకు నడుపవలసిన యవసరము తగ్గుటయు ప్రాణరక్షణకు మిక్కిలి ముఖ్యములు.

మూడవది పనివారి సౌకర్యము. గొయ్యి చాలినంత లోతుగా నుండనిచో మెకానిక్కు రాత్రియంతయు నడుము వంచి పనిచేయవలెను. నీరుపోవు కాలువ లేనిచో వర్షాకాలమున మోకాలిలోతు బురదలో నిలువవలెను. దీపము మసకగానున్నచో కమాన్ పట్టీలోని సన్నని చీలిక వానికంట పడదు. విడిభాగములుంచు గది దూరమైనచో ఒక్క మరకొరకు అరగంట వ్యర్థమగును. బండ్లు కడిగిన నీటినుండి నూనెను వేరుచేయు తొట్టి లేనిచో పొరుగువారి బావులు చెడును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పలుపేటలు దినములతరబడి నీట మునిగినవి. పల్లపుభూమి చౌకగా వచ్చినదని డిపోకు కేటాయించువారు ఆ దినములను జ్ఞప్తియందుంచుకొనవలెను. పల్లెకు బియ్యము, మందులు చేర్పవలసిన వేళనే బస్సులు నీటిపాలైన దిక్కెవరు?

పనిశాలకును బండికిని పొత్తు కుదురనిచో ఏమగునో లండను నగరపు చరిత్ర తెలుపుచున్నది. అచ్చటి రవాణా సంస్థ ఆల్డెన్‌హామ్ అనుచోట నొక మహాకర్మాగారమును నడపెను. 1956 నాటికి అది పూర్తిగా పనిలోనికి వచ్చినది. బస్సు పైభాగమును అడుగుచట్రమునుండి విడదీసి, రెంటిని వేర్వేరుగా బాగుచేసి మరల కలుపుట అచ్చటి పద్ధతి. ఆ పద్ధతికి తగినట్లుగనే నాటి బస్సులు నిర్మితమైనవి. పిమ్మట వేరొక తీరు బస్సులను కొనిరి. అవి ఆ విధానమున కొదుగలేదు. తుదకు 1986లో ఆ కర్మాగారము మూతపడినది. బస్సును కొనువాడును, బాగుచేయువాడును ఒకే బల్లచుట్టు కూర్చుండి మాటాడుకొనవలెననునది ఇందలి నీతి.

ఈ నీతి నేడు మనకు మిక్కిలి యవసరము. డీజిలు బస్సు పోయి విద్యుత్తు బస్సు వచ్చుచున్నది. 2019లో హైదరాబాదు విమానాశ్రయ మార్గములందును, 2022లో తిరుమల ఘాటురోడ్డుమీదను అవి నడువసాగినవి. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము దేశమునందలి నగరములకు 10,000 విద్యుత్తు బస్సుల పథకము నంగీకరించి, డిపోల వసతులకును విద్యుత్ సరఫరాకును సాయము చేయుదుననినది. పొగ తగ్గును, చప్పుడు తగ్గును. మేము దీనిని మనసార స్వాగతించుచున్నాము. కాని ఈ బస్సునకు పాతడిపో చాలదు. పదుల బస్సులు ఒకే రాత్రి బ్యాటరీలను నింపుకొనుటకు ప్రత్యేకమైన విద్యుత్తు తీగలు, ట్రాన్స్‌ఫార్మరులు కావలెను. నింపుకొనునంతసేపు బస్సు కదలదు గావున నిలుపు స్థలము పెరుగవలెను. అగ్నిప్రమాదమైనచో ఒకదానినుండి మరియొకదానికి మంట అంటకుండ ఎడముండవలెను. పైకప్పుమీద యంత్రసామగ్రి యున్న బస్సులను బాగుచేయుటకు గోతికంటె ఎత్తైన మంచె ముఖ్యము. అన్నిటికంటె మిన్నగా, ప్రాణాంతకమైన విద్యుత్తు నడుమ పనిచేయు విద్య మన మెకానిక్కులకు నేర్పవలెను.

ఇచ్చటనే మాకు గొప్ప సంశయము కలుగుచున్నది. ఈ విద్యుత్తు బస్సులలో అధికభాగము సంస్థకు సొంతములు కావు. బస్సును తెచ్చిన కంపెనీయే డ్రైవరును నియమించును, బండిని బాగుచేయును. సంస్థ కిలోమీటరునకింతయని చెల్లించును. ఒకేసారి పెద్దమొత్తమును వెచ్చింపనక్కరలేదు గావున ఈ పద్ధతి సులభముగా తోచును. దీనిని పూర్తిగా నిరాకరింపుమని మేము చెప్పము. కాని భూమి మనది, ప్రయాణికుడు మనవాడు, సొమ్ము మనది. బాగుచేయు విద్యమాత్రము పరులదైనచో, ఒప్పందము ముగిసిననాడు మన చేతిలో మిగులునదేమి? పరాయివాని నేర్పుపై నాధారపడిన జాతి వాడు చెప్పిన వెలకు తలయొగ్గవలసినదే. స్వరాజ్యమనగా శాసనసభలయందేకాదు, పనిశాలలయందును మనకాళ్లపై మనము నిలుచుట.

మరియొక భారమును గూడ గణింపవలసియున్నది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు స్త్రీలకు ఉచితప్రయాణము కల్పింపబడినది. కూలికిపోవు తల్లికి, కళాశాలకుపోవు కన్యకు ఇది మేలుచేయు కార్యమే. అయితే జనము పెరిగిన బస్సులో కమాన్ పట్టీలు, బ్రేకులు, టైరులు త్వరగా అరుగును. ఎక్కువవారు ఎక్కుటకు ద్రవ్యము కేటాయించిన ప్రభుత్వములు, ఎక్కినవారు క్షేమముగా దిగుటకును కేటాయింపవలెను గదా! 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటురోడ్డున లోయలోపడిన బస్సులో 60 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. బస్సు పట్టవలసినవారికంటె మిక్కిలి యెక్కువమంది అందుండిరి. దిగుడుదారిలో నిండుబస్సునకు దైవము తరువాత బ్రేకే దిక్కు. ఆ బ్రేకు సామర్థ్యము తేలునది ముందురాత్రి డిపోలోనే.

ఇట్టి దశలో నగరమధ్యమునగల డిపో భూములపై వ్యాపారులదృష్టి పడుచున్నది. విజయవాడ పాత బస్టాండు స్థలమును గూర్చి 2025లో చెలరేగిన వాదోపవాదములు పాఠకులెరుగుదురు. సంస్థకు ఆదాయము కావలెననుట నిజము. ఖాళీగానున్న జాగాలో దుకాణములు కట్టి యద్దెకిచ్చుటను మేమాక్షేపింపము. కాని పనిచేయుచున్న డిపోను ఊరిబయటకు నెట్టి, ఆ భూమిని దీర్ఘకాలపు కౌలుకిచ్చుట విత్తనపు వడ్లను దంచి వండుకొనుటవంటిది. పైన చూపిన డెడ్ కిలోమీటర్ల లెక్కను కౌలుసొమ్ముతో సరిచూచుకొనకుండ ఎవ్వరును సంతకము చేయరాదు.

కావున ఉభయ ప్రభుత్వములవారికి మా విన్నపములివి. క్రొత్త బస్సుల యంచనాతోపాటు డిపో యంచనాను ఒకే పత్రమున చేర్చి శాసనసభల ముందుంచుడు. నగర విస్తరణ పటములు గీయునపుడే డిపోలకు మిట్టభూములను ప్రత్యేకించుడు. డిపో పటమును ఖాయపరచుటకు ముందు గోతిలో దిగి పనిచేయు మెకానిక్కును పిలిచి యడుగుడు. అతడు చెప్పగల లోపములు కాగితముమీద కానరావు. విద్యుత్తు బస్సుల యొప్పందములలో సంస్థ మెకానిక్కులకు శిక్షణ నిచ్చుటను, వారు ఏక్షణమునైనను బస్సులను పరీక్షించు హక్కును నిబంధనలుగా చేర్చుడు. పదవీవిరమణ చేసినవారి స్థానములను ఖాళీగా నుంచకుడు.

ద్రవ్యము లేదందురేమో. బాగుచేయుటకు నేడు లేని ద్రవ్యము నష్టపరిహారముల కెట్లు దొరకుచున్నది? 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశమున సంస్థ యుద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. తెలంగాణమున సంస్థ ప్రత్యేకముగా నిలిచియున్నది. యాజమాన్యపు రీతు లెట్లున్నను రాత్రివేళ గోతిలోని పని రెండుచోట్ల నొక్కటియే. మహాజనులు సైతము మా యూరికి బస్సు వేయుడని యర్జీ పెట్టునపుడు, ఆ బస్సును బాగుచేయు డిపో యెక్కడ నున్నదో, అందెందరు మెకానిక్కులున్నారో గూడ అడుగవలెను. ప్రజలడుగనిది ప్రభుత్వములు చేయవు.