ఊళ్లోకి రావద్దనే బెయిలు

బెయిలంటే విడుదలేనని మనం అనుకుంటాం. జైలు గేటు దాటిన మనిషి ఎక్కడ నిలబడొచ్చో, ఎక్కడ నిలబడకూడదో బెయిలు షరతులు చెప్తాయి. దళితుల మీద ఇవెట్లా పడతాయో చూద్దాం.

2019 డిసెంబరులో ఢిల్లీ జామా మసీదు దగ్గర జరిగిన నిరసనలకు సంబంధించి భీమ్ ఆర్మీ నాయకుడు చంద్రశేఖర్ ఆజాద్‌ను అరెస్టు చేశారు. నిరసన తెలపడం రాజ్యాంగ హక్కేనని విచారణలో జడ్జి పోలీసులకు గట్టిగానే చెప్పారు. అయినా 2020 జనవరి 15న ఇచ్చిన బెయిలులో, నాలుగు వారాలు ఢిల్లీలో ఉండొద్దన్నారు. ఫిబ్రవరి 8న అక్కడ అసెంబ్లీ ఎన్నికలు! నేరం రుజువు కాకముందే బహిష్కారం అన్నమాట. వారం తిరక్కుండానే కోర్టు ఆ షరతు సడలించింది. ఆయనకు లాయర్లున్నారు, కేసు పత్రికల్లో ఉంది.

వాడలో కూలికిపోయే మనిషికి ఇవేవీ లేవు. ఊళ్లో గొడవైతే దళితుల ఫిర్యాదుకు పోటీగా కౌంటరు కేసు పడుతుంది. ‘గ్రామంలో ప్రవేశించరాదు’ అని ఇరుపక్షాలకీ ఒకే షరతు రాశారనుకోండి. భూస్వామి పట్నంలో ఇల్లు తీసుకుని ఫోనుమీద సేద్యం నడిపిస్తాడు. కూలివాడి పని, ఇల్లు, పిల్లల బడి అన్నీ ఆ ఊళ్లోనే గదా. షరతు ఒకటే, శిక్ష ఒకటి కాదు.

స్టేషన్లో వారంవారం సంతకమంటే ఆ రోజు కూలి పోయినట్టే, బస్సు ఛార్జీ మీద పడ్డట్టే. రైటరు సాయంత్రం దాకా కూచోబెడితే అడిగేదెవరు? ఆ కూచున్న చోటు వచ్చేపోయేవాళ్లందరి కంటా పడేదే. ఒక్క వారం తప్పితే బెయిలు రద్దు చేయమని పోలీసులు అడగొచ్చు.

జామీను సంగతి పాతదే. మధ్యప్రదేశ్ తాపీమేస్త్రి మోతీరామ్‌ను 10,000 రూపాయల జామీను అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తోసేస్తే, 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. నలభై అయిదేళ్ల తర్వాత, 2023 జనవరి 31న, స్థానిక జామీనుదారులే కావాలనడం వల్ల విడుదలలు ఆగుతున్నాయని సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నెలలోగా జామీను ఇవ్వలేకపోతే కోర్టు తానుగా షరతు సడలింపు గురించి ఆలోచించవచ్చని కూడా అన్నది. 2024 జులైలో మరో తీర్పులో, నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు కనిపెట్టే షరతు చెల్లదన్నది.

షరతు మార్చమని పిటిషన్ వేసుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా లాయరు దొరుకుతారు. ఆ పిటిషన్లో రోజుకూలి ఎంతో, స్టేషన్ ఎన్ని మైళ్లో, బస్సుకెంతవుతుందో అంకెల్లో రాయించాలి.