వైద్యుడు దూరమున, రోబో వార్డున: ఆగుట ఎవరి పని?

ఐరోబోట్, ఇన్‌టచ్ హెల్త్ సంస్థలు కలిసి నిర్మించిన ఆర్‌పి-వీటా అను రోబోకు 2013 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ పాలన సంస్థ అనుమతి లభించెను. దూరనగరమందలి వైద్యుడు దాని తెరపై ముఖము చూపుచు, రోగితో సంభాషించుచు, ఆస్పత్రి వార్డులలో దానిని సంచరింపజేయగలడు. ఇట్టి యంత్రమునకు ఎట్టి సాఫ్ట్‌వేర్ కావలెను?

స్పీకరునుండి వెలువడిన వైద్యుని కంఠము మైకులో దూరి ఆయనకే ప్రతిధ్వనిగా మరలకుండ తీసివేయవలెను. ఇది ప్రతి వీడియో కాలుకును ఉన్న చిక్కే. నడక విషయమే గహనము. సంభాషణ సుఖముగా సాగుటకు ఒకవైపు ఆలస్యము 150 మిల్లీసెకండ్లు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు సూచన. మాటలకు అది చాలును. కాని రోబో సెకనుకు ఒక మీటరు నడచుననుకొన్నచో, దృశ్యము పోయి ఆజ్ఞ వచ్చులోపల, అనగా 300 మిల్లీసెకండ్లలో, అది 30 సెంటీమీటర్లు సాగిపోవును! కావున అడ్డంకిని గుర్తించి ఆగు బాధ్యతను ఇంటర్నెట్టుకు వదలక, రోబోలోని కంప్యూటరుకే అప్పగింపవలెను. సంబంధము తెగినచో చివరి ఆజ్ఞనే పట్టుకొని పోక, చక్రములు తమంతట నిలువవలెను.