కారులో కరెంటు బిల్లు

సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. ఇంజిన్ నిమిషానికి 750 చుట్ల చొప్పున నింపాదిగా తిరుగుతోంది. హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం డీఫాగర్ ఒకదాని వెంట ఒకటి వేస్తే ఆర్‌పీఎం ముల్లు కిందికి జారుతుంది. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే ఆ ముల్లు ఒక్క క్షణంలో మళ్లీ తన చోటికి వస్తుంది. లేకపోతే 500కో, ఇంకా కిందికో పడిపోయి, స్టీరింగు వణికి, ఒక్కోసారి ఇంజినే ఆగిపోతుంది. లైట్లు వెలిగేది బ్యాటరీతో కదా, మధ్యలో ఇంజిన్‌కెందుకు ఆయాసం? దీనికి జవాబు ఇంజిన్ పక్కనే బెల్టుతో తిరిగే ఆల్టర్నేటర్ జీవితకథలో దొరుకుతుంది.

ఆ కథ 1831లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మొదలైంది. అయస్కాంత క్షేత్రం మారితే దాని పరిధిలోని తీగలో కరెంటు పుడుతుందని మైకేల్ ఫారడే ఆ ఏడాది నిరూపించాడు. మరుసటి ఏడే పారిస్‌లో హిప్పోలిత్ పిక్సీ చేత్తో తిప్పే జనరేటర్ తయారుచేశాడు. అలా పుట్టిన కరెంటుకు ఒక షరతు ఉందని 1834లో హైన్రిక్ లెంజ్ తేల్చాడు. పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. చక్రానికి డైనమో ఆనించి, లైటు వెలిగించుకుంటూ సైకిల్ తొక్కినవారికి ఈ సూత్రం పిక్కల్లో తెలుసు. కారులోనూ అంతే. నడుస్తున్న బండిలో లైట్లకు అందే కరెంటు దాదాపు అంతా ఇంజిన్ బలంతో అప్పటికప్పుడు పుట్టేదే. బ్యాటరీ పని ప్రధానంగా ఇంజిన్‌ను లేపడం, కరెంటు చాలని క్షణాల్లో ఆదుకోవడం.

కార్లలోకి కరెంటు పూర్తి స్థాయిలో వచ్చింది 1912లో. అంతకుముందు ఇంజిన్‌ను ముందునుంచి హ్యాండిల్‌తో తిప్పి లేపేవారు. ఆ హ్యాండిల్ ఎదురు తిరిగితే చేతులు విరిగేవి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్‌ను కాడిలాక్ ఆ ఏడాది తన కార్లలో అమర్చింది. ఇంజిన్‌ను లేపిన ఆ యంత్రమే, ఇంజిన్ లేచాక డైనమోగా మారి బ్యాటరీని నింపేది. తరవాతి కార్లలో ఈ రెండు పనులూ రెండు యంత్రాలకు చేరాయి. లేపేది సెల్ఫ్ మోటారు, నింపేది డైనమో.

డైనమోకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. బల్బులకూ బ్యాటరీకీ వెళ్లాల్సిన కరెంటంతా దాని తిరిగే భాగంలోనే పుడుతుంది. దాన్ని కమ్యుటేటర్ మీద ఒరుసుకునే కార్బన్ బ్రష్షుల ద్వారా బయటికి తియ్యాలి. మరీ వేగంగా తిప్పితే కమ్యుటేటర్ దెబ్బతింటుంది, చుట్లు ఊడి వస్తాయి. ఇంజిన్ పూర్తి వేగంతో పరుగెత్తినా డైనమో హద్దు దాటకుండా పుల్లీ పెట్టాలి. అలా పెడితే బండి ఆగి ఇంజిన్ నింపాదిగా తిరిగే ఐడ్లింగ్‌లో దాని వేగం బొత్తిగా చాలదు, వోల్టేజి బ్యాటరీ కంటే కిందికి పడిపోతుంది. అప్పుడు కరెంటు వెనక్కి పారకుండా కటౌట్ రిలే డైనమోను తప్పించేసేది. అంబాసిడర్ వంటి పాతకాలపు కార్లలో బండి ఆగగానే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలగడం, హెడ్‌లైట్లు మసకబారడం ఇందుకే. కాని ఇంజిన్‌కు మాత్రం అది సుఖమే. ఆగి ఉన్నప్పుడు లైట్ల భారమంతా బ్యాటరీయే మోసేది.

దీన్ని తిరగేసింది సిలికాన్ డయోడ్. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టే తీగచుట్లు కదలవు, బయటి పెంకులో స్థిరంగా ఉంటాయి. లోపల తిరిగేది విద్యుదయస్కాంతం మాత్రమే. దానికి స్లిప్ రింగుల ద్వారా నాలుగైదు ఆంపియర్లు అందితే చాలు. పుట్టేది ఏసీ కరెంటు కాబట్టి దాన్ని డీసీగా మార్చాలి. ఆ పని చేసేవి డయోడ్లు. చవకగా, చిన్నగా ఉండి, ఇంజిన్ వేడికి తట్టుకునే డయోడ్లు వచ్చేదాకా మామూలు కార్లకు ఈ పద్ధతి కుదరలేదు. 1960 మోడల్ వాలియంట్‌తో క్రైస్లర్ కంపెనీ ఆల్టర్నేటర్‌ను ప్రతి కారులోనూ బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ యంత్రాన్ని ఇంజిన్ కంటే రెండున్నర రెట్లు వేగంగా తిప్పినా చెడిపోదు. ఇంజిన్ 750 వద్ద ఉంటే ఆల్టర్నేటర్ 1,900 దగ్గర తిరుగుతూ కరెంటు ఇస్తూనే ఉంటుంది. లైట్ల మసక పోయింది. దాని బదులు ఇంజిన్‌కు కొత్త బరువు వచ్చింది.

ఆ బరువెంతో లెక్క కట్టవచ్చు. ఐడ్లింగ్‌లో 14 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు తీసుకుంటే 700 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55 శాతం అనుకుంటే ఇంజిన్ నుంచి దాదాపు 1,300 వాట్లు, అంటే ఒకటిన్నర హార్స్‌పవర్ మించి, లాగాలి. 750 ఆర్‌పీఎం వద్ద ఇది సుమారు 16 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం. హైవే మీద 3,000 దగ్గర ఇదే కరెంటుకు 4 న్యూటన్ మీటర్లు చాలు. గరిష్ఠంగా 90 న్యూటన్ మీటర్లు ఇచ్చే చిన్న కారు ఇంజిన్‌కు, అదీ తన రాపిడిని తాను జయించేంత పెట్రోలు మాత్రమే తాగుతున్న వేళ, 16 అంటే చిన్న బరువు కాదు.

పైగా వేగం పడే కొద్దీ ఈ బరువు పెరుగుతుంది. ఆల్టర్నేటర్‌ను అదుపు చేసే రెగ్యులేటర్‌కు తెలిసింది ఒక్కటే, వోల్టేజి 14 దగ్గర నిలబెట్టడం. ఇంజిన్ నెమ్మదిస్తే వోల్టేజి తగ్గబోతుంది. రెగ్యులేటర్ వెంటనే లోపలి అయస్కాంతానికి మరింత కరెంటు పంపుతుంది. అదే వాట్లు తక్కువ వేగంలో రాబట్టాలంటే ఎక్కువ బలంతో లాగాలి. అలసిన ఇంజిన్‌ను ఆల్టర్నేటర్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చూసే కన్ను, ఆదుకునే చెయ్యి లేకపోతే ఇంజిన్ ఆగిపోయేది ఇలాగే.

కార్బురేటర్ కాలంలో ఆ చెయ్యి మెకానిక్‌దే. ‘స్లో’ స్క్రూ కొంచెం తిప్పి ఐడ్లింగ్‌ను అన్ని బరువులకూ సరిపడేంత ఎత్తులో పెట్టేవాడు. ఏసీ ఉన్న బండ్లలో వాక్యూమ్ డయాఫ్రమ్ ఒకటి త్రాటిల్‌ను కాస్త నొక్కేది. ఇంజెక్షన్ ఇంజిన్లు వచ్చాక ఆ పని కంప్యూటర్ చేతికి వెళ్లింది. మారుతి 800కు ఆ మార్పు 2000లో వచ్చింది. కంప్యూటర్ దగ్గర రెండు ఉపాయాలున్నాయి. మొదటిది గాలి. ఐడిల్ వాల్వునో, త్రాటిల్‌నో కొంచెం తెరుస్తుంది. కాని ఆ గాలి మానిఫోల్డ్ నిండి సిలిండర్లకు చేరేసరికి ఆలస్యమవుతుంది. రెండోది స్పార్కు. ఐడ్లింగ్‌లో స్పార్కును కావాలనే కాస్త ఆలస్యం చేసి, కొంత బలాన్ని నిల్వ ఉంచుతుంది. బరువు పడగానే స్పార్కును ముందుకు జరిపితే తరవాతి మంటకే ఆ బలం అందుతుంది. చాలా కార్లలో హెడ్‌లైటు, డీఫాగర్, బ్లోయరు స్విచ్చుల నుంచి కంప్యూటర్‌కు ముందస్తు కబురు తీసుకెళ్లే తీగ కూడా ఉంటుంది. కొన్ని ఆల్టర్నేటర్లు కొత్త బరువును ఒక్కసారిగా ఎత్తుకోకుండా కొన్ని సెకన్లపాటు మెల్లగా పెంచుకుంటాయి.

ఐడ్లింగ్ పడిపోతోందని షెడ్డుకు వచ్చిన బండిలో చాలామంది మొదట అనుమానించేది ఆల్టర్నేటర్‌నే. సాధారణంగా అది నిర్దోషి. మల్టీమీటరును బ్యాటరీ మీద పెట్టి చూడండి. ఇంజిన్ ఆపి, బ్యాటరీ కాసేపు తేరుకున్నాక 12.6 వోల్టులు, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 ఉండాలి. అన్నీ వేసి, ముల్లు పడిపోతుండగా కూడా వోల్టేజి ఆ పరిధిలో నిలబడితే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తున్నట్టే. కరెంటు పుడుతోంది కాబట్టే ఇంజిన్ వంగుతోంది, లేవలేనిది ఇంజిన్. ముల్లు కదలక, వోల్టేజి మాత్రం 12 వైపు జారుతుంటే ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును చూడాలి. మీటరును ఏసీ వోల్టేజి మీద పెట్టినప్పుడు బ్యాటరీ దగ్గర అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే డయోడ్ ఒకటి పోయి ఉండొచ్చు. అలాంటి ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ, లాగేది ఎక్కువ.

తరవాత బరువులను విడదీసి చూడాలి. లైట్లు వేసినా, ఏసీ వేసినా, స్టీరింగు పూర్తిగా తిప్పినా ఐడ్లింగ్ పడుతుంటే లోపం ఇంజిన్ వైపుది. ఎక్కువగా దొరికే దొంగ త్రాటిల్ బాడీలోని మసి. ఐడ్లింగ్‌లో గాలి దూరేది వెంట్రుక వాసి సందులోంచి. అక్కడ నల్లటి జిడ్డు పేరుకుంటే కంప్యూటర్ తెరిచానన్నంత గాలి లోపలికి వెళ్లదు. అరిగిన ప్లగ్గు వల్ల ఒక సిలిండర్ సరిగా మండకపోయినా నిల్వ బలం ఉండదు. బ్యాటరీ మార్చిన మర్నాడే ఈ జబ్బు మొదలైతే, కంప్యూటర్ ఇన్నాళ్లూ నేర్చుకున్న ఐడిల్ లెక్క చెరిగిపోయిందన్నమాట. మళ్లీ నేర్పే పద్ధతి ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

లైట్లకు మాత్రమే పడుతూ, మిగతా బరువులకు నిలబడితే తీగల వైపు తిరగాలి. అన్నీ వేసి ఉంచి బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టులు మించితే ఎర్త్ తీగ తుప్పుపట్టింది. ఎర్త్ చెడితే సెన్సర్లు చెప్పే అంకెలు తప్పుతాయి, కంప్యూటర్ తప్పు అంకెలకు తప్పు గాలి ఇస్తుంది. స్విచ్చుల కబురు తీసుకెళ్లే తీగ తెగినా ఇంజిన్ ఆలస్యంగానే తేరుకుంటుంది. బాగా దిగిపోయిన బ్యాటరీ ఒక్కటే 30 ఆంపియర్లు మింగగలదు, కాబట్టి పరీక్షకు ముందు దాన్ని నింపాలి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే చార్జింగు బాగుందని తేల్చే అలవాటు డైనమో కాలం నుంచి ఇంకా కొన్ని షెడ్లలో ఉంది. ఆల్టర్నేటర్‌తో ఇది ప్రమాదం. కరెంటు తీసుకునే బ్యాటరీ ఉన్నట్టుండి మాయమైతే వోల్టేజి ఒక్క క్షణం పదుల వోల్టులకు ఎగబాకి డయోడ్లనూ కంప్యూటర్‌నూ కాల్చెయ్యగలదు.

2015లో మారుతి సుజుకి సియాజ్ డీజిల్‌తో వచ్చిన పద్ధతిలో కథ మళ్లీ కెటరింగ్ దారి పట్టింది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను తిరిగి లేపేది, కరెంటు పుట్టించేది, పికప్‌కు సాయపడేది ఒకే యంత్రం. ఇంజిన్ ఆగితే పడిపోవడానికి ఐడ్లింగే లేదు. ఆ కాసేపూ లైట్ల ఖర్చు బ్యాటరీయే భరిస్తుంది, బండి కదిలాక ఇంజిన్ నుంచి తిరిగి వసూలు చేసుకుంటుంది. రోజుకు పదుల సార్లు ఇలా ఖాళీ అయి నిండడానికి మామూలు బ్యాటరీ పనికిరాదు. ధర తక్కువని దాన్నే బిగిస్తే, ఇంజిన్‌కు తప్పిన ఆయాసం బ్యాటరీకి చుట్టుకుని, అది త్వరగా చెడిపోతుంది.