మీ పచ్చడి జాడీ నలుగురి కంటా పడాలంటే...

"మీ చేతి ఆవకాయ రుచే వేరండీ!" అని చుట్టాలూ, పక్కింటివాళ్ళూ మెచ్చుకుంటూంటే మీకూ అనిపించే ఉంటుంది, ఇంకో నాలుగు జాడీలు పెట్టి అమ్మితే నాలుగు రాళ్ళు వెనకేసుకోవచ్చు కదా అని. పచ్చళ్ళు, పొడులు, సున్నుండలు ఇంట్లోనే చేసి అమ్ముతున్న ఇల్లాళ్ళు ఎందరో ఉన్నారు. చిక్కల్లా మన వీధి దాటి పదిమందికీ తెలియడంలోనే. ఒకప్పుడు కరపత్రమో, పేపర్లో చిన్న ప్రకటనో తప్ప వేరే దారి లేదు. ఇప్పుడు సెల్‌ఫోన్‌తో తీసిన అరనిమిషం వీడియో చాలు. అయితే పోపులడబ్బాలో దాచుకున్న డబ్బు తీసేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి సుమా!

అయిదు సెకన్ల మర్మం

యూట్యూబ్‌లో ప్రకటన రాగానే అయిదు సెకన్లు ఓపిక పట్టి 'స్కిప్' నొక్కడం మనందరికీ అలవాటే. 2010లో వచ్చిన ఈ పద్ధతిలో ప్రకటన ఇచ్చేవాళ్ళకీ ఒక వెసులుబాటు ఉంది. 'చూసినందుకే చెల్లింపు' రకం ఎంచుకుంటే, ఎదుటివాళ్ళు 30 సెకన్లు చూసినప్పుడు (వీడియో అంతకన్నా చిన్నదైతే చివరిదాకా), లేదా దానిమీద నొక్కినప్పుడే డబ్బు పడుతుంది. ముందే దాటేసినవాళ్ళకు పైసా కట్టక్కర్లేదు.

అందుకని మీ పేరు, ఊరు, అమ్మే వస్తువు మొదటి అయిదు సెకన్లలోనే చెప్పెయ్యండి. దాటేసేవాళ్ళ చెవినా ఉచితంగా పడుతుంది! దాటడానికి వీల్లేని 6 సెకన్ల ప్రకటనలూ ఉన్నాయి గానీ, వాటికి వెయ్యిసార్లు చూపితే ఇంత అని లెక్క. కొత్తవాళ్ళకు మొదటి రకమే మేలు.

తియ్యడం ఎలా?

పెద్ద కెమెరాలు అక్కర్లేదు. కిటికీ వెలుతురు పడేచోట కూర్చోండి. ఫోన్ లెన్సును మెత్తని బట్టతో తుడవండి. ఫ్యాను, మిక్సీ ఆపండి. వేడివేడి అన్నంలో ఎర్రటి ఆవకాయ కలుపుతూంటే నూనె మెరవడం కనిపించాలి. అదే సగం ప్రచారం. పొలంగట్టున కట్టెలపొయ్యి మీద వండిన మస్తానమ్మ అవ్వ వంటలను దేశదేశాలవాళ్ళూ చూశారంటే, ఆ సహజత్వం వల్లనే కదూ! 2018లో ఆమె కన్నుమూసింది గానీ ఆ వీడియోలు నేర్పే పాఠం మాత్రం పాతబడలేదు.

వెనకాల సినిమా పాట మాత్రం పెట్టకండి. హక్కుదారులు అభ్యంతరం చెబితే వీడియో ఆగిపోవచ్చు.

లెక్క తప్పకూడదు

మీరు పార్శిల్ పంపగలిగే ఊళ్ళు మాత్రమే ఎంచుకోండి. రోజుకు 100 రూపాయలని పెడితే ఒక్కోరోజు 200 దాకా ఖర్చు కావచ్చు, నెలకు మాత్రం దాదాపు 3,040 దాటదు. ఆపే తేదీ కూడా పెట్టండి. లేకపోతే మీరు మరిచిపోయినా అది నడుస్తూనే ఉంటుంది!

ఉదాహరణకు 3,000 ఖర్చు పెట్టారనుకోండి. 18 శాతం జీఎస్టీతో 3,540 అవుతుంది. దానివల్ల 20 మంది తలొక సీసా కొంటే, సీసాకు 177 రూపాయలు ప్రచారానికే పోయినట్లు. మామిడికాయలు, నూనె, కారం, సీసా, కొరియర్ అన్నీ పోను మీకు మిగిలేది 90 అయితే, సీసాకు 87 నష్టం! ఆ 20 మందీ మరోసారి తెప్పించుకుంటే గానీ పెట్టింది చేతికి రాదు. కాబట్టి ప్రకటన తెచ్చేది మొదటి బేరమే, రెండో బేరం తెచ్చేది మీ చేతి రుచి. కొన్నవాళ్ళ ఫోన్ నంబర్లు, వారి అనుమతితో, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.

జాగ్రత్త సుమండీ!

* తినుబండారాలు అమ్మాలంటే ఇంటి వంటకైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాళ్ళిచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద వెయ్యాలి.

* "ఈ పొడి తింటే షుగర్ తగ్గిపోతుంది" లాంటి మాటలు వీడియోలో అనకండి. జబ్బులు నయమవుతాయని ఆహారపదార్థాలను ప్రచారం చేయడం చట్టవిరుద్ధం.

* "పెద్ద ఆర్డరండీ, డబ్బు పంపాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

* ఒక్కరోజే ముప్ఫై ఆర్డర్లు వస్తే ఎన్ని సీసాలు సర్దగలరో ముందే చూసుకోండి. నూనె కారిన పార్శిల్ ఒక్కటి చాలు, వచ్చిన మంచిపేరు పోవడానికి. మూత బిగించి, సీలు వేసి, ఒక సీసాను దగ్గరి చుట్టాలకు పంపి చూడండి. అది చెక్కుచెదరకుండా చేరాకే ప్రకటనకు డబ్బు కట్టండి.