మురోటో పాదరసం

బారోమీటరులో పాదరసం 684 మిల్లీమీటర్లకు దిగిందని చదివి మొదట అచ్చుతప్పు అనుకున్నాను. సముద్రమట్టంలో మామూలుగా 760 దాకా ఉంటుంది మరి! కానీ నిజమే. 1934 సెప్టెంబరు 21 తెల్లవారుజామున జపాన్‌లో, తుఫాను తాకినప్పుడు మురోటో అగ్రం మీది వాతావరణ కేంద్రం కొలిచిన పీడనం అది. ఇప్పటి లెక్కలో 911.6 హెక్టోపాస్కల్స్.

ఉపగ్రహాల్లేని రోజులవి. ఏ ఊళ్లో ఏ గంటకు పీడనం అట్టడుగుకు చేరిందో మ్యాపు మీద గుర్తుపెట్టుకుంటూ పోతే తుఫాను దారి సగం తేలుతుంది. మిగతా సగం గాలి చెబుతుంది. తుఫాను ఉత్తరానికి సాగుతున్నప్పుడు తూర్పుగాలి దక్షిణం మీదుగా పడమటికి తిరిగిందా, కేంద్రం ఆ ఊరికి పడమరగా దాటినట్టు. ఉత్తరం మీదుగా తిరిగితే తూర్పుగా. పెన్సిలుతో నేనూ గీసి చూశాను. రబ్బరు బాగానే అరిగింది.

ఒసాకాను ఆ మురోటో తుఫాను అదే రోజు ఉదయం ఎనిమిది ప్రాంతంలో తాకింది. బడివేళ. చెక్క బడులు కూలి వందలమంది పిల్లలు పోయారు.